పాఠకుల సందేహాలు: రోగనిరోధక కణాలు, అవి పంపుకొనే రసాయన సందేశాలు

రోగనిరోధక వ్యవస్థ గురించి వచ్చిన ఉత్తరాలలో ఒకే రకం ప్రశ్నలను కలిపి, పంపినవారి వివరాలు తొలగించి, ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఇవి విషయ పరిజ్ఞానం కోసం రాసినవి. మందులు మొదలుపెట్టడం, మానడం వంటి నిర్ణయాలు మిమ్మల్ని పరీక్షించిన వైద్యులే తీసుకోవాలి.

ప్రశ్న: జ్వరం వచ్చినప్పుడు చేయించిన సీబీపీ రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 14,000, న్యూట్రోఫిల్స్ 82 శాతం, లింఫోసైట్స్ 12 శాతం అని వచ్చింది. లింఫోసైట్స్ ఎదురుగా ‘తక్కువ’ అని గుర్తు పెట్టారు. నాలో రోగనిరోధక శక్తి పడిపోయినట్లేనా?

జవాబు: అలా అనుకోనవసరం లేదు. శాతం అనేది వాటాను మాత్రమే చెబుతుంది. ఒక రకం కణాల వాటా పెరిగితే మిగిలినవాటి వాటా తగ్గక తప్పదు. మీ రిపోర్టులోని 14,000లో 12 శాతం అంటే ఘన మిల్లీమీటరు రక్తంలో 1,680 లింఫోసైట్లు. పెద్దవారిలో ఇవి సుమారు 1,000 నుంచి 4,000 వరకు ఉంటాయి కాబట్టి మీ సంఖ్య మామూలుగానే ఉంది. నిజంగా పెరిగినవి న్యూట్రోఫిల్స్. వాటి సంఖ్య 11,480. రిపోర్టులో శాతాల పక్కన ఈ అసలు సంఖ్యలను కూడా ముద్రిస్తే ఇలాంటి ఆందోళనలు సగం తగ్గుతాయి.

న్యూట్రోఫిల్స్ తెల్లకణాలలో అత్యధిక సంఖ్యాకులు. ఎముక మూలుగలో ఇవి రోజుకు సుమారు పదివేల కోట్ల వరకు తయారవుతాయి. రక్తంలోకి వచ్చాక వీటి ఆయువు కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులే. బాక్టీరియా ప్రవేశించిన చోటికి మొదట పెద్ద సంఖ్యలో చేరుకొనేవి ఇవే. అవి బాక్టీరియాను మింగుతాయి, తమలోని రేణువులలో దాచుకున్న విషపదార్థాలను వాటిపై కుమ్మరిస్తాయి. అవసరమైతే తమ సొంత డీఎన్ఏనే వలలా బయటికి విసిరి సూక్ష్మజీవులను అందులో చిక్కించుకుంటాయని 2004లో తెలిసింది. పుండు నుంచి కారే చీములో ఎక్కువ భాగం ఇలా పని ముగించి చనిపోయిన న్యూట్రోఫిల్సే.

అయితే ఇవి పెరగడానికి ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణం కాదు. స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిలోనూ, తీవ్రమైన శారీరక ఒత్తిడిలో ఉన్నవారిలోనూ రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకొని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలోకి రావడం వల్ల సంఖ్య పెరిగినట్లు కనిపిస్తుంది. మందుల వివరం చెప్పకుండా రిపోర్టు ఒక్కటే చూపించి అభిప్రాయం అడగడం అందుకే సరికాదు. మిగిలిన కణాల గురించి ఒక మాట: మోనోసైట్లు కణజాలంలోకి వెళ్లి మాక్రోఫేజ్‌లుగా మారతాయి; ఇయోసినోఫిల్స్ అలర్జీలలో, నులిపురుగుల వంటి పరాన్నజీవుల బెడదలో పెరుగుతాయి; బేసోఫిల్స్ ఒక శాతం కూడా ఉండవు, రిపోర్టులో సున్నా అని ఉన్నా కంగారు పడనక్కరలేదు.

ప్రశ్న: మాక్రోఫేజ్, డెండ్రైటిక్ కణం రెండూ సూక్ష్మజీవులను మింగేవే అని పాఠ్యపుస్తకంలో ఉంది. ఒకే పనికి రెండు రకాల కణాలు ఎందుకు?

జవాబు: మింగడం రెండింటికీ ఉమ్మడి పనే కాని, మింగిన తరువాత చేసే పనిలోనే తేడా అంతా ఉంది.

మాక్రోఫేజ్ ఉన్నచోటనే ఉండి పనిచేస్తుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల గాలి తిత్తులలో, ప్లీహంలో, మెదడులో వేర్వేరు పేర్లతో స్థిరపడిన మాక్రోఫేజ్‌లు ఉన్నాయి. చనిపోయిన కణాలను, కాలం తీరిన ఎర్రకణాలను తొలగించడం వాటి నిత్యకృత్యం. సూక్ష్మజీవి ఎదురుపడితే దానిని జీర్ణం చేసుకోవడమే కాక, చుట్టుపక్కల కణాలకు రసాయన సందేశాలు పంపి వాపును మొదలుపెడతాయి. కణాలు ఇలా మింగడం శరీర రక్షణలో భాగమని గుర్తించినవాడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో సిసిలీలోని మెస్సీనాలో ఆయన పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలో గులాబీ ముల్లు గుచ్చి, కదిలే కణాలు ఆ ముల్లు చుట్టూ మూగడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ ఇద్దరిలో ఒకరు కణాల పక్షం, మరొకరు రక్తద్రవంలోని ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పక్షం అని అప్పట్లో పేరు. బహుమతి మాత్రం ఇద్దరికీ పంచి ఇచ్చారు, అది సబబే అయింది.

డెండ్రైటిక్ కణం మింగినదాన్ని పూర్తిగా నాశనం చేసే తొందరలో ఉండదు. సూక్ష్మజీవి ప్రొటీన్లను చిన్న ముక్కలుగా చేసి తన ఉపరితలం మీద నిలుపుకొని, శోషరస నాళాల గుండా దగ్గరలోని లింఫ్ గ్రంథికి ప్రయాణించి, అక్కడ ఉన్న టి కణాలకు (ఇవి లింఫోసైట్లలో ఒక రకం) వాటిని చూపిస్తుంది. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ల కట్టడం మనకు తెలిసిన విషయమే. ఆ బిళ్ల ఈ సమాచారం అందుకున్న లింఫ్ గ్రంథి, అందులో వేగంగా విభజన చెందుతున్న లింఫోసైట్లే ఆ వాపునకు ముఖ్య కారణం. చర్మంలో ఉండే ఈ తరహా కణాలను లాంగర్‌హాన్స్ 1868లోనే చూసినా, అవి నాడీకణాలని భావించాడు. వాటి అసలు జాతిని 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్‌విల్ కోన్ ఎలుకల ప్లీహంలో గుర్తించారు. స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించేనాటికి ఆయన మరణించి మూడు రోజులయింది. ఆ సంగతి తెలియక చేసిన ప్రకటన కాబట్టి కమిటీ బహుమతిని అలాగే ఉంచింది.

ప్రశ్న: ఇంకా పుట్టని కొత్త వైరస్‌కు సరిపోయే టి, బి కణాలు కూడా మనలో ముందే సిద్ధంగా ఉంటాయని విన్నాను. ఇది ఎలా సాధ్యం?

జవాబు: మీరు విన్నది నిజమే. మనిషికి ఉన్న జన్యువులు సుమారు ఇరవై వేలు. గుర్తించవలసిన ఆకృతులు లెక్కకు మిక్కిలి. ఒక్కొక్క ఆకృతికి ఒక్కొక్క జన్యువు కేటాయించడం కుదరని పని. టి, బి కణాలు రెండూ లింఫోసైట్లే. లింఫోసైట్ తయారయ్యేటప్పుడు, ఆకృతిని గుర్తుపట్టే తన గ్రాహకానికి సంబంధించిన జన్యుఖండాలను తానే కత్తిరించి, యాదృచ్ఛికంగా అతికించుకుంటుంది. అతికిన చోట కొన్ని డీఎన్ఏ అక్షరాలు అదనంగా చేరతాయి కూడా. ఈ విధంగా ప్రతి కణానికీ దాదాపు ప్రత్యేకమైన గ్రాహకం ఏర్పడి, కోట్లాది రకాలు సిద్ధమవుతాయి. ప్రతిరక్షకాల విషయంలో ఈ రహస్యాన్ని ఛేదించిన సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది.

యాదృచ్ఛికంగా తయారైనవాటిలో మన సొంత కణజాలాన్నే శత్రువుగా చూసేవి, అసలు దేనికీ పనికిరానివి కూడా ఉంటాయి కదా. టి కణాలను వడపోసే పని ఛాతీలో, గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిది. అక్కడికి వచ్చిన కణాలలో నూటికి ఐదు కూడా బయటపడవు. మిగిలినవన్నీ అక్కడే చనిపోతాయి. ఇంతటి వృథా మరే అవయవంలోనూ కనిపించదేమో అనిపిస్తుంది, అయినా ఆ వడపోతలో లోపం వస్తే ఫలితం ఎంత దారుణమో చూసినవారికి అది వృథాగా తోచదు. థైమస్‌కు ఈ పాత్ర ఉందని 1961లో జాక్ మిల్లర్ చూపే వరకు, దానికి పెద్దగా ఉపయోగం లేదనే అనుకునేవారు.

బయటికి వచ్చిన టి కణాలలో ముఖ్యంగా రెండు వర్గాలు. సీడీ8 గుర్తు ఉన్నవి వైరస్ సోకిన కణాన్ని, క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపుతాయి. సీడీ4 గుర్తు ఉన్న సహాయక కణాలు ఎవరినీ సాధారణంగా చంపవు. ఇతర కణాలకు ఏం చేయాలో సైటోకైన్లు అనే రసాయన సందేశాల ద్వారా చెబుతాయి. హెచ్ఐవీ ముఖ్యంగా ఈ సహాయక కణాలనే దెబ్బతీస్తుంది. వాటి సంఖ్య ఘన మిల్లీమీటరు రక్తంలో 200 కంటే తగ్గాక, బి కణాలు, మాక్రోఫేజ్‌లు, సీడీ8 కణాలు శరీరంలో ఉండి కూడా, మామూలు మనుషులకు ఏమీ చేయని సూక్ష్మజీవులను అదుపు చేయలేకపోవడాన్ని బట్టి ఆ సందేశాల విలువ తెలుస్తుంది. బి కణం విషయానికి వస్తే, సహాయక కణం తోడ్పాటుతో అది ప్లాస్మా కణంగా మారి ప్రతిరక్షకాలను స్రవిస్తుంది; మొదట ఐజీఎం అనే రకం, తరువాత అందుకున్న సైటోకైన్‌ను బట్టి ఐజీజీ, ఐజీఏ లేదా ఐజీఈ. సరిపోయే కణం ముందే ఉన్నా అది వెతికి దొరకాలి, విభజన చెంది లక్షల సంఖ్యకు చేరాలి. కొత్త వైరస్ సోకినప్పుడు తొలి వారం రోజులు మనం కష్టపడటానికి ఈ జాప్యమే కారణం.

ప్రశ్న: సైటోకైన్లంటే హార్మోన్ల వంటివేనా? ఇంటర్ల్యూకిన్ 1, 2, 6 అంటూ అంకెలు ఎందుకు? ఫ్లూ జ్వరంలో ఒళ్లు నొప్పులు వైరస్ వల్ల కాక సైటోకైన్ల వల్ల వస్తాయని చదివాను, నమ్మవచ్చా?

జవాబు: రెండూ సందేశాలను మోసే పదార్థాలే. హార్మోన్‌ను సాధారణంగా ఒక నిర్ణీత గ్రంథి తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సైటోకైన్లు చిన్న ప్రొటీన్లు. వాటిని తయారుచేసేవి అనేక రకాల కణాలు, అందుకునేవి కూడా అనేక రకాల కణాలు. తక్కువ మోతాదులో సైటోకైన్ పక్క కణం చెవిలో చెప్పిన మాట వంటిది. మోతాదు పెరిగి రక్తంలో కలిసిందంటే అదే మాట ఊరంతా దండోరా వేసినట్లవుతుంది. అప్పుడు మెదడు, కాలేయం, మూలుగ కూడా స్పందిస్తాయి.

తెల్లకణాల మధ్య నడిచే ఈ పదార్థాలకు 1970ల నాటికి ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క పేరు పెట్టి గందరగోళం చేసింది. 1979లో స్విట్జర్లాండ్‌లో సమావేశమైన పరిశోధకులు ఇంటర్ల్యూకిన్ అనే పేరును, దానికి వరుస సంఖ్యను నిర్ణయించారు. అంకె కనుగొన్న క్రమాన్ని సూచిస్తుందే తప్ప పనిని సూచించదు. ఇంటర్ల్యూకిన్-4, 5 ఒకే కుటుంబమనో, 8 కంటే 10 బలమైనదనో అర్థం చేసుకోకూడదు. నిజానికి ఇంటర్ల్యూకిన్-8 న్యూట్రోఫిల్స్‌ను రప్పించే కీమోకైన్, అంటే కణాలను ఆకర్షించే సైటోకైన్. ఇంటర్ల్యూకిన్-10 వాపును అణచేది.

ఇక మీ మూడో ప్రశ్న. గాయం దగ్గర మాక్రోఫేజ్‌లు విడుదల చేసే ఇంటర్ల్యూకిన్-1, ఇంటర్ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే మూడు సైటోకైన్ల పనిని గమనించండి. అవి దగ్గరి రక్తనాళాల లోపలి పొరను మార్చి, ప్రవాహంలో పోతున్న న్యూట్రోఫిల్స్ అక్కడ అంటుకొని బయటికి వచ్చేటట్లు చేస్తాయి. నాళాల నుంచి ద్రవం ఊరడంతో ఆ భాగం ఎర్రబడి, ఉబ్బి, వేడెక్కుతుంది. రక్తంలో కలిసి మెదడుకు చేరిన సందేశం, శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే హైపోథాలమస్ అనే భాగంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పెంచుతుంది, దానితో శరీర ఉష్ణోగ్రత పెరుగుతుంది. పారాసిటమాల్ తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్‌నే కాని సైటోకైన్‌ను కాదు, సూక్ష్మజీవిని అసలే కాదు. కాలేయానికి చేరిన ఇంటర్ల్యూకిన్-6 అక్కడ సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను పెద్ద మొత్తంలో తయారుచేయిస్తుంది. మనం చేయించుకునే సీఆర్‌పీ పరీక్ష ఈ సందేశం కాలేయానికి చేరిందని చెప్పే సాక్ష్యం.

ఒళ్లు నొప్పుల సంగతికి ఇంటర్‌ఫెరాన్ చరిత్ర మంచి రుజువు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కోడిగుడ్డు పొర మీద నిర్వీర్యం చేసిన ఫ్లూ వైరస్‌ను ఉంచి పరిశీలించగా, ఆ పొరలోని కణాలు విడుదల చేసిన పదార్థం తాజా పొరకు కూడా వైరస్‌ను అడ్డుకొనే శక్తిని ఇచ్చింది. వైరస్ పనికి అడ్డుపడేది కాబట్టి దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. వైరస్ సోకిన కణం తాను చనిపోబోతూ కూడా దీనిని విడుదల చేస్తుంది; అందుకున్న పొరుగు కణాలు తమ ప్రొటీన్ తయారీని తగ్గించుకొని, వైరస్ ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములను సిద్ధం చేసుకుంటాయి. తరువాతి కాలంలో ఇంటర్‌ఫెరాన్‌ను ఇంజెక్షన్‌గా తయారుచేసి హెపటైటిస్ సి రోగులకు ఎన్నో ఏళ్లు వాడారు. ఫ్లూ వైరస్ ఒక్కటి కూడా ఒంట్లో లేని ఆ రోగులకు ఇంజెక్షన్ తీసుకున్న కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం వచ్చేవి. మీరు చదివింది చాలావరకు నిజమని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ప్రశ్న: కరోనా కాలంలో ‘సైటోకైన్ తుపాను’ అన్న మాట విన్నాం. రక్షించవలసిన పదార్థాలే ప్రాణం తీస్తాయా?

జవాబు: తీస్తాయి. పైన చెప్పిన రక్తనాళాల మార్పు వేలి చివర జరిగితే వాపు. అదే మార్పు శరీరమంతటా ఒకేసారి జరిగితే నాళాల నుంచి ద్రవం బయటికి పోయి రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తులు ద్రవంతో నిండుతాయి, మూత్రపిండాలు పనిచేయడం మానుకుంటాయి. ఇందుకు సూక్ష్మజీవి అవసరం కూడా లేదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే ప్రయోగాత్మక ఔషధాన్ని ఆరుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ఇచ్చారు. అది టి కణాల మీది సీడీ28 గ్రాహకాన్ని నేరుగా ప్రేరేపించే ప్రతిరక్షకం. కొన్ని గంటల్లోనే ఆరుగురికీ సైటోకైన్లు విపరీతంగా పెరిగి, అవయవాలు దెబ్బతిన్నాయి. తీవ్ర చికిత్స తరువాత అందరూ బతికారు. జంతువులలో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతే వారికి ఇచ్చారన్న వాస్తవం, మనిషి టి కణాల గురించి జంతు ప్రయోగాలను నమ్ముకోవడానికి ఉన్న హద్దును చూపింది.

కరోనాలో డెక్సామెథసోన్ అనుభవం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనంలో వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఈ చవకైన స్టిరాయిడ్ మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ఏ మేలూ చేయలేదు. తొలి రోజుల్లో వైరస్‌ను అదుపు చేయడానికి ఆ సందేశాలే కావాలి, హద్దు మీరిన తరువాతే వాటిని అణచాలి. స్వల్ప జ్వరానికే ముందుజాగ్రత్త పేరుతో స్టిరాయిడ్ మింగడం అందుకే ప్రమాదకరం.

ప్రశ్న: కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకొనే ఇంజెక్షన్ సూచించారు. నాకు దగ్గు, జ్వరం ఏమీ లేకపోయినా ముందుగా క్షయ పరీక్షలు చేయించమన్నారు. దీనికీ, దానికీ సంబంధం ఏమిటి?

జవాబు: చాలా దగ్గరి సంబంధం ఉంది, మీ వైద్యులు సరైన పనే చేశారు.

క్షయ బాక్టీరియా సోకినవారిలో ఎక్కువమందికి జబ్బు రాదు. మాక్రోఫేజ్‌లు, టి కణాలు బాక్టీరియా చుట్టూ చేరి గ్రాన్యులోమా అనే గట్టి గడ్డను కట్టి, దానిని అందులో బంధిస్తాయి. బాక్టీరియా చావదు, బయటికీ రాలేదు. ఈ స్థితి దశాబ్దాల పాటు కొనసాగవచ్చు. ఆ గడ్డ చెదరకుండా నిలవడానికి నిరంతరం అందవలసిన సందేశం టీఎన్ఎఫ్. మీ కీళ్లలో మృదులాస్థిని, ఎముకను తినివేస్తున్న వాపును నడిపిస్తున్నదీ అదే టీఎన్ఎఫ్. ఇంజెక్షన్‌కు కీలులోని టీఎన్ఎఫ్, ఊపిరితిత్తిలోని టీఎన్ఎఫ్ అనే తేడా తెలియదు. రెండు చోట్లా దానిని పట్టేస్తుంది. ఈ తరగతి మందులలో మొదటిదైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ 1998లో వాడుకలోకి వచ్చాక, 2001 నాటికి దానిని వాడినవారిలో క్షయ తిరగబెట్టిన కేసులు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. అప్పటి నుంచి ముందస్తు పరీక్ష తప్పనిసరి అయింది.

మీకు చేసే పరీక్షలలో ఒకటైన ఇగ్రా కూడా సైటోకైన్ పరీక్షే. మీ రక్తానికి క్షయ బాక్టీరియా ప్రొటీన్లు కలిపి, అందులోని టి కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తాయా లేదా అని చూస్తారు. విడుదల చేశాయంటే అవి ఆ బాక్టీరియాను ఇదివరకు కలుసుకున్నాయని అర్థం. చర్మం మీద చేసే మాంటూ పరీక్షను బీసీజీ టీకా తప్పుదారి పట్టించవచ్చు కాని, ఇగ్రాను పట్టించదు. నిద్రాణమైన క్షయ ఉందని తేలితే నివారణ మందులు మొదలుపెట్టి, సాధారణంగా కనీసం నెల రోజులు గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. ఆ నెల రోజులు కీళ్ల నొప్పి భరించడం కష్టమే, కాని తొందరపడవద్దు.

ప్రశ్న: ‘ఇమ్యూనిటీ బూస్టర్’ పొడులు, మాత్రలు నిజంగా పనిచేస్తాయా?

జవాబు: అమ్మేవారిని మీరు తిరిగి ఒక ప్రశ్న అడగండి: ఏ కణాన్ని, ఏ సైటోకైన్‌ను, ఎంత పెంచుతుంది? అలర్జీ ఉన్నవారికి దానికి కారణమైన ఐజీఈ ప్రతిరక్షకం పెరగకూడదు, కీళ్లవాతం ఉన్నవారికి టీఎన్ఎఫ్ పెరగకూడదు. ఇంటర్ల్యూకిన్-2ను చూడండి, ఎక్కువ మోతాదులో ఇస్తే అది దాడి చేసే టి కణాలను పెంచుతుంది కాబట్టి మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడారు, తక్కువ మోతాదులో దాడిని అణచే నియంత్రక టి కణాలను పెంచుతుంది. ఒకే పదార్థం, రెండు వ్యతిరేక ఫలితాలు.

ఆ నియంత్రక టి కణాలను 1995లో షిమోన్ సకగూచి గుర్తించారు. వాటికి ఆధారమైన ఫాక్స్‌పీ3 జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గుర్తించారు. ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. ఈ జన్యువు చెడిపోయి పుట్టిన మగబిడ్డలలో రోగనిరోధక వ్యవస్థకు పగ్గాలుండవు. అది వారి పేగులను, క్లోమాన్ని, చర్మాన్ని నాశనం చేస్తుంది. చికిత్స అందకపోతే వారిలో చాలామంది పసితనంలోనే చనిపోతారు. పొడుల డబ్బాల మీద రాసే ‘అపరిమిత రోగనిరోధక శక్తి’ నిజంగా కలిగితే ఎలా ఉంటుందో ఆ బిడ్డలను చూసి తెలుసుకోవచ్చు. మాంసకృత్తులు, జింక్, విటమిన్ ఎ లోపించినవారికి ఆ లోపాన్ని సరిదిద్దడం వల్ల మేలు జరుగుతుంది. లోపం లేనివారికి అదనంగా పోస్తే కలిసొచ్చేది ఏమీ లేదు. ఒక నిర్దిష్ట సూక్ష్మజీవికి ఎదురుగా రక్షణ పెంచేది టీకా.

ప్రశ్న: అలర్జీ మాత్ర వేసుకుంటే దద్దుర్లు, తుమ్ములు తగ్గుతున్నాయి కాని, ఉబ్బసం తగ్గడం లేదు. మాత్ర పనిచేయనట్లా?

జవాబు: మాత్ర తన పని తాను చేస్తోంది. మాస్ట్ కణాల మీద అతుక్కొని ఉన్న ఐజీఈ ప్రతిరక్షకాలకు సరిపోయే పదార్థం తగలగానే, ఆ కణాలు ముందే నిల్వ ఉంచుకున్న హిస్టమిన్‌ను నిమిషాల్లో వదులుతాయి. దురద, దద్దుర్లు, తుమ్ములు చాలావరకు దాని వల్లనే. మీ మాత్ర అడ్డుకొనేది దానినే. శ్వాసనాళాలను బిగించడంలో ల్యూకోట్రయీన్లు అనే మరో రకం రసాయనాలది, వాటిలో వాపును దీర్ఘకాలం నిలిపి ఉంచడంలో ఇంటర్ల్యూకిన్-4, 5, 13లది పెద్ద పాత్ర. హిస్టమిన్‌ను ఆపినంత మాత్రాన ఇవి ఆగవు. ఉబ్బసానికి స్టిరాయిడ్ ఇన్‌హేలర్ ముఖ్యమైన చికిత్స కావడానికి కారణం ఇదే. అదుపులోకి రానివారికి ఇంటర్ల్యూకిన్-5ను అడ్డుకొనే ఇంజెక్షన్లు కూడా ఇప్పుడు ఉన్నాయి. ఏదైనా తిన్నాకో, మందు వేసుకున్నాకో, పురుగు కుట్టాకో ఒళ్లంతా దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రం అలర్జీ మాత్ర మీద ఆధారపడి కూర్చోవద్దు. ఆ సమయంలో ప్రాణం నిలిపేది తొడ కండరంలో వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. దానికోసం ఆలస్యం చేయకుండా అత్యవసర చికిత్స ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.